రెండో తాళంచెవి ఎవరి దగ్గర?

(తెనాలిలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



డాక్టరుగారి పేరు నా వెనక బ్యానరు మీద పెద్ద అక్షరాల్లో ఉంది. ఆ పేరుతో ఆయన్ని పిలిచినవాళ్ళు ఈ ఊళ్ళో దాదాపు లేరు. మనకి ఆయన డాక్టరుగారే. నేనూ అలాగే అంటాను, అలవాటు మార్చుకునే వయసు దాటిపోయింది.

ఈ ఊరి మారీసుపేటలో ఆయన దగ్గర జూనియరుగా చేరినప్పుడు నా మెడలో కొత్త స్టెతస్కోపు, తలనిండా కొత్త చదువు. ఒక సాయంత్రం ఇళ్ళకు వెళ్ళి రోగుల్ని చూడ్డానికి నన్ను వెంటబెట్టుకెళ్ళారు. ఒక పెంకుటింట్లో జ్వరంతో పడుకున్న పెద్దాయన. ఒంటరి మనిషి. నేను తిన్నగా వెళ్ళి నాడి పట్టుకున్నాను. డాక్టరుగారు గుమ్మంలోనే ఆగిపోయారు. గడప ఎత్తు చూశారు. మంచం కిందకి తొంగిచూశారు. పెరట్లోకి వెళ్ళి దొడ్డి తలుపు తీసి, వేసి, గడియ బిగించి, మళ్ళీ తీశారు. వంటింట్లో మంచినీళ్ళ బిందె ఎంత ఎత్తులో ఉందో చూసుకున్నారు. అప్పుడొచ్చి మంచం పక్కన కూర్చుని, "బాబాయ్, ఈ ఇంటి తాళంచెవి ఇంకెవరి దగ్గరుంది?" అని అడిగారు.

నాకు నవ్వొచ్చింది. జ్వరం చూడ్డానికొచ్చిన డాక్టరుకి తాళంచెవితో పనేంటి? ఆ ప్రశ్న అర్థం కావడానికి నాకు పాతికేళ్ళు పట్టింది. ఈ సాయంత్రం నేను చెప్పేదంతా దాని చుట్టూ తిరిగేదే.

వృద్ధుల వైద్యం చదివినవాళ్ళకి బెర్నార్డ్ ఐజక్స్ పేరు తెలుసు. బ్రిటన్ డాక్టరు. ముసలితనంలో మనిషి మీద పడే మహాభూతాలు నాలుగని ఆయన లెక్క తేల్చాడు: కదల్లేకపోవడం, నిలకడ లేక పడిపోవడం, మలమూత్రాలు ఆగకపోవడం, మతి తప్పడం. ఈ నాలుగింటిలో ఒక్కటైనా ఆస్పత్రి బోర్డు మీద డిపార్టుమెంటు పేరుగా మీకెక్కడైనా కనిపించిందా? గుండెకి ఒక అంతస్తు ఉంది, కిడ్నీకి ఒక అంతస్తు ఉంది. ఈ నాలుగూ మాత్రం ఇంట్లోనే పుడతాయి, ఇంట్లోనే పెరుగుతాయి. అందుకే డాక్టరుగారు ముందు ఇంటిని పరీక్ష చేసేవారు.

ఐజక్స్ మరో ఇద్దరితో కలిసి 1981లో బ్రిటిష్ మెడికల్ జర్నల్లో ఒక వ్యాసం రాశాడు. ఇంట్లో పడిపోయిన వృద్ధులు తరవాత ఏమయ్యారన్నది విషయం. గంటకన్నా ఎక్కువసేపు నేల మీదే ఉండిపోయినవాళ్ళలో సగంమంది ఆరు నెలలు తిరక్కుండా పోయారు, పెద్ద దెబ్బ తగలనివాళ్ళతో సహా. నేల మీద ఒకే పక్కన ఒరిగి ఉంటే కండరం చితికి, ఆ విషం మూత్రపిండాల మీద పడుతుంది. ఒళ్ళు చల్లబడుతుంది, నీళ్ళుండవు, ఊపిరితిత్తులకి నెమ్ము చేరుతుంది. తనంతట తను లేవలేనంత నీరసం ముందునుంచే ఉందన్న సంగతీ అక్కడే బయటపడుతుంది. పడటం ఒక ప్రమాదమైతే, పడ్డాక ఎవరూ రాకపోవడం రెండోది. మన శ్రద్ధంతా మొదటిదాని మీదే.

ఇక మా ఇంటి సంగతి. తప్పు నాదే కాబట్టి చెప్పడానికి మొహమాటం లేదు.

మా అమ్మ ఈ ఊళ్ళోనే ఒంటరిగా ఉండేది. నేను విజయవాడలో. ఆమెకి 78 ఏళ్ళప్పుడు ఇల్లు బాగుచేయిస్తానని పాత నాపరాళ్ళు తీయించి, ముఖం కనిపించేంత నునుపైన టైల్స్ వేయించాను. నాపరాయి గరుకు. తడికాలు దాని మీద పట్టి ఆగుతుంది. టైల్ మీద తడికాలికి ఆధారం లేదు. స్నానాలగదికి ప్లాస్టిక్ తలుపు పెట్టించాను, లోపలికి తెరుచుకునేది. డాక్టరునై ఉండి ఒక్కసారైనా ఆ తలుపు తీసి వేసి చూడలేదు. తెల్లవారుజామున ఆమె తలుపు వెనకే పడింది. పనమ్మాయి ఆరింటికి వచ్చి పిలిస్తే లోపలినుంచి మూలుగు వినపడింది. వీధి తలుపుకి లోపల గొళ్ళెం. నాకు ఫోను, నేను బయల్దేరడం, ఈలోగా వడ్రంగిని పిలవడం. వీధి తలుపు పగలగొట్టాక స్నానాలగది తలుపు రాలేదు, దానికి అడ్డంగా ఆమే పడి ఉంది. బయటికి తీసేసరికి ఎనిమిదిన్నర. తుంటి ఎముక విరిగింది.

ఆ తరవాత తెలిసిన సంగతి నన్ను ఎక్కువ బాధపెట్టింది. అంతకుముందు ఏడాదిలో ఆమె రెండుసార్లు పడింది. ఒకసారి పెరట్లో, ఒకసారి మంచం దిగుతూ. ఎదురింటివాళ్ళకి చెప్పి ఒట్టు వేయించుకుంది. ఎందుకు దాచావమ్మా అంటే, "చెబితే పెరట్లోకి పోనిస్తావా? మర్నాడే కారేసుకొచ్చి నీ మూడో అంతస్తుకి పట్టుకుపోవూ?" అంది. నిజంగా అదే చేసేవాణ్ణి. ఆమె దాచడం తెలివితక్కువతనం కాదు, నన్ను సరిగ్గా అంచనా వేసింది.

కాబట్టి ఈ సభలో ఉన్న కొడుకులకీ కూతుళ్ళకీ, డల్లాస్‌లోనో సిడ్నీలోనో ఉండి ఈ పాఠం చదివేవాళ్ళకీ ఒక మాట. ఆదివారం వీడియో కాల్లో "బాగున్నావామ్మా?" అంటే "బాగానే ఉన్నాం నాన్నా, మీరెలా ఉన్నారు?" అనే జవాబే వస్తుంది. మన భాషలో అది పలకరింపు, రోగనిర్ణయం కాదు. "ఈ నెల్లో ఎక్కడన్నా తూలావా? లేచేటప్పుడు కళ్ళు తిరిగాయా? స్నానానికి వెళ్ళాలంటే భయమేస్తోందా?" అని అడగండి. అడిగేముందు, నిజం చెప్పినా మూడో అంతస్తుకి తీసుకుపోనని మాటివ్వండి. ఆ మాట లేకపోతే నిజం రాదు.

కెమెరాలు పెట్టించామంటారు. నాకు తెలిసిన ఒక ఇంట్లో హాల్లో కెమెరా మీద ఎప్పుడూ ఒక తువ్వాలు ఆరేసి ఉంటుంది. ఆ మామ్మగారు తెలివైనది. ఇంకో మాట: కెమెరాలో పడిపోయినట్టు కనిపించినా, పదివేల మైళ్ళ అవతలివాడు ఎవరికి ఫోన్ చెయ్యాలి? మళ్ళీ తాళంచెవి దగ్గరికే వచ్చాం.

డాక్టరుగారు ఇల్లు చూసే పద్ధతి కొంచెం వివరంగా చెప్పాలి. ఇప్పటి కుర్ర డాక్టర్లకి అది ఎవరూ నేర్పడం లేదు.

మొదట గడప. గడప తీసేయమంటే మన ఇళ్ళల్లో యుద్ధమే. ఆయన ఎన్నడూ తీసేయమనలేదు. శుక్రవారం శుక్రవారం పసుపు రాయడం మానొద్దనేవారు. చూపు మందగించినవాళ్ళకి బూడిదరంగు నేల మీద బూడిదరంగు గడప కనిపించదు, పచ్చటి పట్టీ కనిపిస్తుంది. భక్తికి రాసినా బొమికలకి మేలే. ఇప్పుడు గ్రానైటు గడపలకి స్టిక్కరు పసుపు అంటిస్తున్నారు, అదీ పనిచేస్తుంది, చివర్లు లేవకుండా చూసుకుంటే.

తరవాత మంచం. కూర్చుంటే రెండు పాదాలూ నేలకి ఆనాలి, మోకాలు తుంటికన్నా పైకి రాకూడదు. వదులైన నవారు మంచం నడుముకి హాయి, లేవడానికి నరకం. మంచం నుంచి స్నానాలగది దాకా రాత్రి దీపం. అక్కడికి వెళ్ళే దారిలో కాళ్ళు తుడుచుకునే గుడ్డ, మడతపడ్డ చాప, టీవీ వైరు ఉండకూడదు. స్నానాలగది తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల గడియ బదులు ఒక తాడో పరదానో చాలు. కూర్చుని పోసుకోవడానికి పీట కాదు, కుర్చీ. గోడకి గట్టి స్టీలు రాడ్డు. తువ్వాళ్ళు ఆరేసే సన్నరాడ్డు పట్టుకుంటే అదీ మనిషీ కలిసి కింద పడతారు, నేను చూశాను.

రెండు పవర్ల కళ్ళజోడు గురించి ఎవరూ చెప్పరు. మెట్లు దిగేటప్పుడు కిందికి చూస్తే, చదువుకునే అద్దంలోంచి మెట్టు మసకగా కనిపిస్తుంది. మేడ దిగేవాళ్ళకి దూరపు చూపుకి వేరే జోడు ఉంటే మంచిది. శుక్లం ఉంటే ఆపరేషన్ వాయిదా వెయ్యకండి. "ఇంక ఈ వయసులో చదివేదేముంది" అంటారు. చదవడానికి కాదు, నడవడానికి.

నడక పరీక్షకి డాక్టరుగారి దగ్గర ఒక చిట్కా ఉండేది. పెద్దవాళ్ళతో పెరట్లో నడుస్తూ కబుర్లు పెట్టేవారు. మీ మనవడు ఏం చదువుతున్నాడు, ఈసారి మామిడి కాపెలా ఉంది అని. జవాబు చెప్పడానికి నడక ఆపేసినవాళ్ళని గుర్తుపెట్టుకునేవారు. 1997లో స్వీడన్ పరిశోధకులు లాన్సెట్‌లో సరిగ్గా ఇదే రాశారు: మాట్లాడితే నడక ఆగిపోయేవాళ్ళు తరవాతి నెలల్లో పడిపోయే అవకాశం ఎక్కువ. ఆ వ్యాసం పట్టుకెళ్ళి ఆయనకి చూపించాను. "వాళ్ళకి కాగితం దొరికింది, మనకి మామిడికాయలు దొరికాయి" అన్నారు.

ఇక మందుల డబ్బా. ప్రతి ఇంట్లోనూ అది ఏ స్వీట్‌షాపు డబ్బానో, హార్లిక్స్ సీసానో. మొత్తం మంచం మీద కుమ్మరించమనేవారు. అన్నీ, నిరుటివి కూడా. గుండె డాక్టరు రాసింది, మోకాళ్ళ డాక్టరు రాసింది, పక్కింటావిడకి పనిచేసిందని తెచ్చుకున్నది, మెడికల్ షాపు అబ్బాయి ఇచ్చింది. ఒకే మందు రెండు కంపెనీల పేర్లతో, పొద్దున ఒకటి రాత్రి ఒకటి వేసుకుంటున్నవాళ్ళని నేనే ఎంతమందిని చూశానో. జలుబుకి వేసుకునే పాతరకం బిళ్ళ కుర్రవాడికి మత్తు మాత్రమే తెస్తుంది. 80 ఏళ్ళవాళ్ళకి మూత్రం బిగబడుతుంది, రాత్రికి మనుషుల్ని గుర్తుపట్టరు, ఇంట్లోవాళ్ళు మతిపోయిందని ఏడుస్తారు. నిద్రబిళ్ళ నిద్ర ఇస్తుంది, రెండింటికి మూత్రానికి లేచినప్పుడు కాళ్ళ తడబాటునీ ఇస్తుంది. ఒంట్లో నీరు తీసే బిళ్ళ సాయంత్రం వేసుకుంటే రాత్రంతా స్నానాలగది ప్రయాణమే. ప్రోస్టేట్ బిళ్ళల్లో కొన్ని లేచి నిలబడగానే బీపీ దించేస్తాయి. బీపీ పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డ మూడు నిమిషాల్లో ఇంకోసారి చూడాలి. పై అంకె 20 పడిపోతే, పడబోయేది అంకె ఒక్కటే కాదు.

కార్తీకమాసం వస్తే డాక్టరుగారికి కంగారు. సోమవారాలు ఉపవాసం, షుగరుబిళ్ళ మాత్రం మానరు. మందు మానితే పాపం, తింటే పాపం. మధ్యాహ్నానికి చెమటలు పట్టి, మాట తడబడి, గుళ్ళో క్యూలోనే పడిపోతారు. ఆయన ఉపవాసం మానమనలేదు. ఏ పూట తినరో ఆ పూట ఏ బిళ్ళ వేసుకోకూడదో పంచాంగం వెనక అట్ట మీద రాసిచ్చేవారు. అలాంటి చీటీ ఎవరిది వాళ్ళు తమ డాక్టరుతో రాయించుకోవాలి, సొంతంగా మానకూడదు.

ఎండల గురించి ఎక్కువ చెప్పను, ఈ జిల్లావాళ్ళకి చెప్పాలా? 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యిమందికి పైగా వడదెబ్బకి పోయారు. వయసు మీదపడితే దాహమే సరిగ్గా తెలియదు. అడిగితే తాగడం కాదు, గంటకోసారి మజ్జిగో నీళ్ళో చేతికివ్వాలి. ఇవ్వడానికి మనిషి ఉండాలి.

ప్రభుత్వం ఏం చేస్తోందని అడుగుతారు. చేస్తోంది. 2024 అక్టోబరు నుంచి 70 దాటిన ఎవరికైనా, ఆదాయంతో పనిలేకుండా, ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం ఉంది. కార్డు తీసుకోనివాళ్ళు తీసుకోండి. చేతికర్రలు, వినికిడి మిషన్లు ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ పథకాన్ని 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే మొదలుపెట్టారు. నా ఫిర్యాదు ఒకటే. తుంటి విరిగాక లక్షలు పెట్టడానికి సిద్ధంగా ఉన్నాం. విరక్కముందు స్నానాలగదిలో వెయ్యి రూపాయల రాడ్డు బిగించడం వైద్యం కింద లెక్కలోకి రాదు.

చట్టమూ ఉంది. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం. ట్రిబ్యునల్ ఆర్డీఓ దగ్గర. చూసుకుంటారన్న షరతు మీద ఆస్తి రాసిచ్చి, వాళ్ళు చూడకపోతే, 23వ సెక్షన్ కింద ఆ దస్తావేజు రద్దు చేయించుకోవచ్చు. షరతు నోటిమాటగా ఉంచకండి, దస్తావేజులోనే రాయించండి. చట్టం మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి: పోలీసులమంటూ వీడియో కాల్ చేసి "డిజిటల్ అరెస్టు" అని బెదిరించేవాళ్ళ గురించి మీ ఇంట్లో పెద్దవాళ్ళకి ఈ రాత్రే చెప్పండి. అలాంటి అరెస్టు ఏ చట్టంలోనూ లేదు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి.

ఇప్పుడు అసలు సంగతి: తలుపు తట్టే మనిషి. జపాన్‌లో యాకుల్ట్ అనే పాల పానీయం ఇంటింటికీ అమ్మే ఆడవాళ్ళు 1972 నుంచి ఒంటరి వృద్ధుల్ని పలకరించి చూసిపోతున్నారు. అదే దేశంలో 2001లో ఒక కంపెనీ వేణ్ణీళ్ళ కెటిల్ అమ్మింది. పెద్దవాళ్ళు టీకి దాన్ని వాడితే ఆ కబురు ఎక్కడో ఉన్న పిల్లలకి చేరుతుంది. కెటిల్ కబురు చెబుతుంది కానీ తలుపు తియ్యదు, కాబట్టి నా ఓటు పానీయమమ్మే ఆమెకే. మన దక్షిణాదిలోనే కేరళ 2008లో పాలియేటివ్ సంరక్షణకి ఒక విధానం తెచ్చింది. పంచాయతీ తరఫున నర్సు మంచంపట్టినవాళ్ళ ఇంటికే వెళ్తుంది. వాళ్ళ వెనక ఊరి వాలంటీర్లుంటారు.

మనకేం లేదా? ఆంధ్రలో పింఛను నెలనెలా ఇంటికే వస్తుంది. ఇచ్చే ఉద్యోగి వేలిముద్ర తీసుకుంటాడు. అరిగిపోయిన వేళ్ళకి ముద్ర పడక అయిదారుసార్లు నొక్కిస్తాడు. ఆ కాసేపట్లో "ఈ నెల్లో పడ్డావా తాతా? మందులున్నాయా?" అని రెండు ప్రశ్నలు అడిగి, జవాబు ఆ వూరి ఏఎన్ఎమ్‌కి చేరవేస్తే, కొత్త శాఖ అక్కర్లేదు, కొత్త బడ్జెట్ అక్కర్లేదు. పింఛను అందుకునే ప్రతి గుమ్మంలోకీ నెలకోసారి వెళ్ళే మనిషిని మనం డబ్బులు లెక్కపెట్టడానికి మాత్రమే వాడుతున్నాం. ఈ మాట అధికారుల చెవిలో పడాలనే మైకు దగ్గర గట్టిగా అంటున్నాను.

మిగతా 29 రోజులు? పాలబ్బాయి, పేపరబ్బాయి, పనమ్మాయి, పూలమ్మాయి. నిన్నటి పాలపాకెట్ గుమ్మంలోనే ఉందంటే ఆగి తలుపు తట్టాలని వాళ్ళకి ఎవరైనా చెప్పారా? ఎవరికి ఫోన్ చెయ్యాలో నంబరు ఇచ్చారా?

మా అమ్మ ఆపరేషన్ తరవాత మూడు నెలలు నా దగ్గరుంది. నాలుగో నెల నేను తెనాలి పోతానంది. ఈసారి నేను వాదించలేదు, డాక్టరుగారు నన్ను గట్టిగా కోప్పడ్డారు కూడా. "మంచాన పడుకోబెట్టి భద్రంగా ఉందనుకుంటున్నావా? కండ కరిగిపోతోంది, చూస్తున్నావా?" అన్నారు. టైల్స్ మీద గరుకు మ్యాట్లు పరిపించాను. స్నానాలగది తలుపు బయటికి తిప్పించాను. వీధి తలుపుకి గొళ్ళెం తీసేసి రెండువైపులా తాళంచెవితో తెరుచుకునే తాళం పెట్టించాను. రెండో తాళంచెవి వీధి చివర రిటైర్డ్ హెడ్‌మాస్టరుగారికి ఇద్దామన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. "ఆయన నాకన్నా పెద్ద, చెవులు వినపడవు, నన్ను లేపడానికొచ్చి ఆయన పడతాడు" అని పూలమ్మే ఆమెకి ఇచ్చింది. ఆమె నాలుగున్నరకే లేస్తుంది, దండలు కట్టే చేతులకి బలముంటుంది, ఊళ్ళో కబుర్లన్నీ తెస్తుంది. మా అమ్మ ఎంపికే సరైంది. మరో ఆరేళ్ళు ఆ ఇంట్లోనే, ఆ పెరట్లోనే ఉంది. ఒకసారి మళ్ళీ పడింది. పది నిమిషాల్లో తలుపు తెరుచుకుంది.

బయటికి వెళ్ళే దారిలో బల్ల మీద ఒక నోటుపుస్తకం పెట్టించాను. అది డాక్టరుగారి ట్రస్టు వాళ్ళ దగ్గరే ఉంటుంది, ఇంకెవరికీ చూపించరు. మీ వీధిలో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళని ముందు అడిగి, వాళ్ళు సరేనంటేనే ఇంటి గుర్తు రాయండి. పొద్దున ఆ తలుపు తట్టగలిగేవాళ్ళు పక్కన తమ ఫోన్ నంబరు రాయండి. అట్ట మీద 108, వృద్ధుల హెల్ప్‌లైను 14567 రాసి ఉంచాను. మూడో గడి రెండో తాళంచెవి ఎవరి దగ్గరుందో రాయడానికి. అది ఖాళీగా ఉన్న ఇళ్ళకి రేపు పొద్దున్నే నేనూ ట్రస్టు కుర్రవాళ్ళూ వెళ్తున్నాం. ఏడింటికి ఇక్కడే కలుసుకుంటాం, తీరికున్నవాళ్ళు రండి.